సార్కాయిడోసిస్ రోగులకు విటమిను డి: మేలు, కీడు

ఎండ దేహమునకు మేలు చేయునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. శాస్త్రమును ఆ మాటనే బలపరచుచున్నది. ఎండ సోకిన చర్మమున విటమిను డి పుట్టును. దాని సాయముననే ఆహారములోని కాల్షియము ప్రేగులనుండి రక్తమున చేరి ఎముకలకు బలము నిచ్చును. అందుచేత ఎవరికైన నీరసముగాని, నడుమునొప్పిగాని, కాళ్ల పీకుడుగాని కలిగినప్పుడు "డి విటమిను తక్కువై యుండును; మాత్రలు వేసికొనుడు, ఉదయమున ఎండలో కూర్చుండుడు" అని సలహా చెప్పుట నేడు ఇంటింట వినబడుచున్నది.

పెక్కుమందికి ఈ సలహా వలన కీడు లేదు. కాని సార్కాయిడోసిస్ అను వ్యాధి గలవారికి, పరీక్ష చేయింపకుండ ఈ సలహాను పాటించినచో, రక్తమున కాల్షియము మితిమీరి మూత్రపిండములు చెడిపోవు ప్రమాదము కలదు. అట్లని ఈ రోగులందరును విటమిను డి ని విషమువలె దూరము చేయవలసిన పనియు లేదు. ఎవరికి మేలు, ఎవరికి కీడు అను సంగతిని రక్త, మూత్ర పరీక్షలు తెలుపగలవు. ఆ పరీక్షలను గూర్చియు, ఇంటిలో పాటింపవలసిన జాగ్రత్తలను గూర్చియు సామాన్య పాఠకులకు తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఒక ఉదాహరణము

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు పెద్ద రైల్వే పట్టణము. బెంగాలు నాగపూరు రైల్వే కాలముననే ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట అనేకము కలవు. మలంచా మొదలగు పేటలలో నేటికిని తెలుగు మాట వినబడుచుండును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు అంగీకరించినది. ఐనను ఆ కుటుంబములకు వైద్యుని చీటి ఇంగ్లీషున నుండును. మందుల దుకాణమున మాట బెంగాలీలోనో హిందీలోనో సాగును. ఇంటికి వచ్చి భార్యాబిడ్డలకు చెప్పుకొనుట తెలుగున. మూడు భాషలు దాటి వచ్చునప్పటికి వైద్యుని మాటలో సగము జారిపోవుట వింత కాదు.

మలంచాలో అట్టి ఇల్లు ఒకటి కలదని ఊహించుకొందము. ఇంటి యజమాని యాభై యేండ్ల రైల్వే కార్మికుడు. కొన్ని నెలలు పొడిదగ్గు, ఆయాసము, కంటి ఎరుపు ఉండి, ఎక్సురే, బయాప్సీ పరీక్షలు జరిగిన పిమ్మట ఆయనకు సార్కాయిడోసిస్ అని తేలినది. రోగము తీవ్రముగా లేనందున వైద్యుడు మందు ఇయ్యక, మూడు నెలల కొకసారి వచ్చి చూపించుకొనుమని చెప్పెను. ఇంతలో ఆయనకు నీరసము హెచ్చినది. తెలిసినవారి మాటపై ప్రయోగశాలలో విటమిను డి పరీక్ష చేయింపగా 14 అని వచ్చినది. కాగితముపై "తక్కువ" అని ముద్రించి యుండెను. దుకాణమునుండి వారమున కొకటి చొప్పున 60,000 యూనిట్ల మాత్రలు తెచ్చి మ్రింగసాగెను. ఇల్లాలు రాగిజావ, పాలు ఎక్కువ చేసినది. ఉదయము ఒక గంట ఎండలో నడక మొదలైనది.

కొన్ని వారములు గడచునప్పటికి ఆయనకు విపరీతమైన దాహము పట్టుకొన్నది. రాత్రి నాలుగైదు సార్లు మూత్రమునకు లేవవలసి వచ్చుచుండెను. మలబద్ధకము, ఆకలి లేమి, వికారము తోడైనవి. మధుమేహమేమో యని భయపడి పరీక్ష చేయింపగా చక్కెర సరిగనే యున్నది. తుదకు నడుము ప్రక్కన నొప్పి వచ్చి ఆసుపత్రికి పోగా, రక్తమున కాల్షియము 12 మిల్లీగ్రాములు దాటినదనియు, మూత్రపిండములు అలసినవనియు తెలిసెను.

ఈ ఇంటిలో ఎవరును చెడు తలపెట్టలేదు. కాగితముపై నున్న "తక్కువ" అను మాటయు అబద్ధము కాదు. అడుగవలసిన రెండవ ప్రశ్న నెవరును అడుగకపోవుటయే జరిగిన పొరపాటు. ఆ ప్రశ్న ఏదో తెలియుటకు ముందు వ్యాధిని గూర్చి కొంత తెలిసికొనవలెను.

సార్కాయిడోసిస్ అనగా నేమి?

మన దేహమున సూక్ష్మక్రిములతో పోరాడు రక్షక కణములు కలవు. ఏదో కారణమున ఆ కణములు అనవసరముగా గుమిగూడి చిన్న చిన్న గంటులుగా ఏర్పడుటయే ఈ వ్యాధి లక్షణము. ఆ గంటులకు గ్రాన్యులోమాలని పేరు. ఇవి ముఖ్యముగా ఊపిరితిత్తులందును, ఛాతీలోని గ్రంథులందును పుట్టును. కన్నులు, చర్మము, కాలేయము, గుండె మొదలగు అవయవములలోను కనబడవచ్చును. మూలకారణ మింకను స్పష్టముగా తేలలేదు. ఇది అంటురోగము కాదు. రోగితో కలిసి భుజించుటకుగాని, ఒక గదిలో నుండుటకుగాని శంకింప బనిలేదు.

ఇంగ్లండున జొనాథన్ హచిన్సన్ అను వైద్యుడు 1877లో దీని చర్మలక్షణములను వర్ణించెను. నార్వే దేశీయుడగు సీజర్ బక్ 1899లో ఇట్టి గంటులను సూక్ష్మదర్శినితో పరిశీలించి వివరించెను. వ్యాధికి నేటి పేరు ఆయన వాడిన మాటనుండియే వచ్చినది. భారతదేశమున ఇది మిక్కిలి అరుదని చిరకాలము తలచిరి. కాని కలకత్తా వైద్యులు, బయాప్సీచే నిర్ధారితమైన 125 మంది తూర్పు భారత రోగుల వృత్తాంతమును 1990లో ప్రకటించిరి. వ్యాధి లేకపోలేదనియు, గుర్తింపబడుటయే తక్కువ యనియు దీనిచే స్పష్టమగుచున్నది.

మన దేశమున దీనిని క్షయ యని పొరబడుట సులభము. రెండింటను దగ్గు, నీరసము, బరువు తగ్గుట, ఎక్సురేలో గ్రంథుల వాపు కనిపించును. క్షయకు కారణము క్రిమి. మందులచే ఆ క్రిమిని చంపవలెను. సార్కాయిడోసిస్‌కు వాడు స్టీరాయిడు మందును పొరపాటున క్షయరోగికి మాత్రమే ఇచ్చినచో క్షయ విజృంభించును. కావుననే వైద్యుడు కఫపరీక్ష, బయాప్సీ కావలెనని పట్టుపట్టుట. అది కాలయాపన యని రోగి విసుగుకొనరాదు.

విటమిను డి దేహమున నడచు మార్గము

చర్మమున పుట్టిన విటమిను డి గాని, మాత్రలనుండి వచ్చినది గాని వెంటనే పనిచేయదు. ముందుగా అది కాలేయమునకు పోయి 25-హైడ్రాక్సీ విటమిను డి గా మారును. ఇది నిలువరూపము. పిమ్మట మూత్రపిండములలో 1,25-డైహైడ్రాక్సీ విటమిను డి గా మారును. ఇది క్రియారూపము. ప్రేగులనుండి కాల్షియమును రక్తమునకు చేర్చునది ఈ క్రియారూపమే.

ఈ సంగతిని వడ్లు, బియ్యము అను పోలికతో గ్రహింపవచ్చును. నిలువరూపము గాదెలోని వడ్లవంటిది. క్రియారూపము మరలో ఆడించిన బియ్యమువంటిది. ఆరోగ్యవంతుని దేహమున మూత్రపిండమే ఆ మర. మెడలోని పారాథైరాయిడు గ్రంథులు రక్తములోని కాల్షియమును సదా కనిపెట్టుచు, అవసరమైనప్పుడు మరను నడిపించును; చాలునన్నప్పుడు నిలిపించును. కావుననే ఆరోగ్యవంతుడు ఎంత ఎండలో తిరిగినను కాల్షియము హద్దు మీరదు.

సార్కాయిడోసిస్‌లో తప్పు ఎక్కడ జరుగును?

ఈ వ్యాధిలో గ్రాన్యులోమా కణములే స్వయముగా వడ్లు ఆడించుట మొదలు పెట్టును. ఊరిలో ఎవరి యదుపునకును లోబడని దొంగమర ఒకటి వెలసినట్లే యనుకొనుడు. పారాథైరాయిడు గ్రంథులు తమ పని మానుకొన్నను ఆ మర నిలువదు. ఎన్ని వడ్లు పోసిన అన్ని ఆడించుచునే యుండును. అప్పుడు బియ్యము పొంగి పొరలును. గాదె మాత్రము ఖాళీగా కనబడును.

గాదెను మాత్రమే చూచినవాడు "వడ్లు లేవు, బండ్లకొలది తెండు" అనును. మన ఉదాహరణములో జరిగినది సరిగా ఇదియే. 14 అను సంఖ్య గాదె లెక్క. బియ్యపు లెక్క ఎవరును చూడలేదు.

ఈ రహస్యము ఒక్కనాట బయటపడినది కాదు. సార్కాయిడోసిస్ రోగులలో కొందరికి రక్తమున కాల్షియము హెచ్చుటను అమెరికా వైద్యులు 1939లో ప్రకటించిరి. ఎండ ఎక్కువ సోకు ఋతువులందు ఈ లక్షణము హెచ్చునని 1960ల ప్రారంభమున గమనించిరి. 1981లో చిత్రమైన రోగి వృత్తాంత మొకటి వెలువడినది. ఆ రోగికి మూత్రపిండములు లేవు. ఐనను రక్తమున క్రియారూపము మిక్కిలిగా నుండెను. మూత్రపిండము లేనిచోట ఆ పదార్థమును చేసిన దెవరు? 1983లో సమాధానము దొరికినది. ఈ రోగుల ఊపిరితిత్తులనుండి తీసిన రక్షక కణములు ప్రయోగశాలలోని పాత్రయందును ఆ మార్పును చేయుచున్నట్లు ఋజువైనది.

రక్తమున కాల్షియము హెచ్చుట సార్కాయిడోసిస్ రోగులలో సుమారు నూటికి ఐదుగురు మొదలు పదిమందికి కలుగును. మూత్రమున కాల్షియము హెచ్చుగా పోవుట అంతకంటె పెక్కుమందిలో కనబడును. మూత్రమున పోవు కాల్షియము రాళ్లుగా పేరుకొనును. కొందరిలో మూత్రపిండపు కండలోనే సున్నము గట్టి శాశ్వతమైన హాని చేయును. నొప్పి లేకుండనే ఈ హాని కొంతకాలము సాగవచ్చును. కావున బాధ కలుగువరకు వేచియుండక ముందుగనే పరీక్షించుట వివేకము.

చేయింపవలసిన పరీక్షలు

రోగము నిర్ధారణమైనప్పుడే రక్తములోని కాల్షియమును, మూత్రపిండముల స్థితిని తెలుపు క్రియాటినినును పరీక్షింపవలెను. కాల్షియము సాధారణముగా నూరు మిల్లీలీటర్ల రక్తద్రవమున 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల వరకు ఉండును. అవసరమని తోచినచో వైద్యుడు ఇరువదినాలుగు గంటల మూత్రమును పట్టించి అందలి కాల్షియమును కొలిపించును.

విటమిను డి మాత్రలు తలపెట్టునప్పుడు రెండు రూపములను కొలువవలెను: 25-హైడ్రాక్సీ, అనగా గాదె లెక్క; 1,25-డైహైడ్రాక్సీ, అనగా బియ్యపు లెక్క. ప్రయోగశాలలో "విటమిను డి పరీక్ష" అని అడిగినచో సాధారణముగా మొదటిది మాత్రమే చేయుదురు. రెండవ దానిని పేరు చెప్పి అడుగవలెను. దాని ఖర్చు కొంత ఎక్కువ. ఐనను మూత్రపిండముల విలువ అంతకంటె ఎక్కువ.

మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ అయినచో అది నిజమైన లోపము కాదు. మాత్రలు కీడు చేయును. రెండును తక్కువగా నుండి, కాల్షియము సరిగా నున్నచో లోపము నిజమే కావచ్చును. అప్పుడు వైద్యుడు కొద్ది మోతాదుతో ప్రారంభించి, కొన్ని వారములకు మరల కాల్షియమును పరీక్షించును. ఈ రెంటి నడుమ పడు ఫలితములను నిర్ణయించుట వైద్యుని పనియే.

మోతాదు సంగతి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో తెలిపిన ప్రమాణము ననుసరించి ఆరోగ్యవంతులగు పెద్దలకు దినమునకు 600 యూనిట్ల విటమిను డి, 1,000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. ఈ లెక్కన 60,000 యూనిట్ల మాత్ర ఒక్కటి నూరు దినముల బత్తెము. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షను వేయి దినముల బత్తెము. నిజమైన లోపము గలవారికి వైద్యులు ఈ పెద్ద మోతాదుల నిత్తురు; అది తప్పు కాదు. కాని అదుపులేని మర గల దేహమున ఇన్ని వడ్లు ఒకేసారి పోయుట అపాయకరము. మాత్రలను మానవచ్చును గాని, ఒకసారి దేహమున ప్రవేశించిన ఇంజెక్షనును మరల తీయలేము. దాని ప్రభావము నెలల తరబడి నిలుచును.

ఎముకల సంగతి

ఇక్కడ మరియొక చిక్కు కలదు. సార్కాయిడోసిస్‌కు ముఖ్యమైన మందు ప్రెడ్నిసొలోను మొదలగు స్టీరాయిడులు. ఇవి గ్రాన్యులోమాలను అణచి, హెచ్చిన కాల్షియమును కొద్ది దినములలోనే తగ్గించును. కాని నెలల తరబడి వాడినచో ఎముకలను పలుచబరచును. అందుచేత స్టీరాయిడు వాడు సామాన్య రోగులకు కాల్షియము, విటమిను డి మాత్రలు జతచేయుట వైద్యమున ఆచారము. సార్కాయిడోసిస్ రోగి విషయమున మాత్రము ఈ ఆచారమును కన్నులు మూసికొని పాటింపరాదు. ముందు పరీక్ష, పిమ్మటనే మాత్ర. ఎముకల సాంద్రత తగ్గినచో వానిని బలపరచు వేరు మందులు కలవు. నిత్యము నడచుట, పొగ త్రాగుట మానుట ఎముకలకు ఎల్లప్పుడును మేలే.

స్టీరాయిడులు చాలకాలము వాడవలసి వచ్చినప్పుడు వాని మోతాదు తగ్గించుటకై వైద్యులు మెథోట్రెక్సేటు వంటి మందులను వాడుచుందురు. ఆ మందు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో రూపొందినదని తెలుగు పాఠకులు తెలిసికొనదగును. దేనినైనను రోగి తనంతట తాను మొదలు పెట్టరాదు. స్టీరాయిడును తనంతట తాను అకస్మాత్తుగా ఆపనేరాదు.

ఇంటిలో పాటింపవలసిన జాగ్రత్తలు

ఆహారము: కాల్షియము సరిగా నున్న రోగి పాలు, పెరుగు, మజ్జిగ మామూలుగా పుచ్చుకొనవచ్చును. కాల్షియము హెచ్చినవారు మాత్రము వైద్యుడు చెప్పినంతకాలము వీనిని తగ్గింపవలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. నువ్వులు, మునగాకు, ముల్లుతో తిను చిన్నచేపలు కూడ కాల్షియము మెండుగా గలవియే. వైద్యుడు చెప్పకుండ అన్నిటిని ఒక్కసారి మానివేయుటయు మంచిది కాదు. కాల్షియము మరీ తగ్గిన ఆహారము కొన్ని రకముల రాళ్లకు దారి తీయును.

నీరు: వేసవిలో వేడిమిచే చెమట ఎక్కువగా పోవును. నీరు తక్కువైనచో కాల్షియము చిక్కబడి రాళ్లు కట్టుట సులభమగును. ఎండలోను, కొలుముల దగ్గరను పనిచేయువారు నీటిసీసా దగ్గర నుంచుకొనవలెను. గుండె జబ్బుగాని, మూత్రపిండముల జబ్బుగాని ఉన్నవారు నీటి పరిమాణమును వైద్యునడిగి నిర్ణయించుకొనవలెను.

ఎండ: పనిమీద బయట తిరుగుట తప్పదు, దానికి భయపడ నక్కరలేదు. కాల్షియము హెచ్చినవారు మాత్రము ఆరోగ్యముకొరకని ప్రత్యేకముగా ఎండలో కూర్చుండరాదు. గొడుగు, నిండు చేతుల చొక్కా వాడవలెను.

మందులు: కడుపు మంటకు వాడు కొన్ని మాత్రలలో కాల్షియము కలదు. బలమునకని అమ్ము పొడులలోను, మాత్రలలోను విటమిను డి యుండును. పెట్టెపై చదివి చూడవలెను. రక్తపోటునకు వాడు థయజైడు జాతి మాత్రలు మూత్రమున పోవలసిన కాల్షియమును రక్తమున నిలుపును. ఈ మందులు వాడుచున్నచో వైద్యునకు తెలుపవలెను.

భస్మములు, సున్నము: శంఖభస్మము, ప్రవాళభస్మము, గవ్వల భస్మము ముఖ్యముగా కాల్షియపు లవణములే. తాంబూలమున వాడు సున్నమును కాల్షియమే. సున్నము రాసిన తాంబూలమును అతిగా నమలినవారిలో రక్తమున కాల్షియము హెచ్చిన సందర్భములను వైద్యులు ప్రకటించియున్నారు. వీనిని మందు కాదని, ఆహారము కాదని దాచక వైద్యునితో చెప్పవలెను.

ఆలస్యము చేయరాని లక్షణములు

ఎన్నడు లేని దాహము, మాటిమాటికి మూత్రము, వికారము లేక వాంతులు, విడువని మలబద్ధకము, మగతగా నుండుట, మాట తడబడుట, నడుము ప్రక్కన తీవ్రమైన నొప్పి, మూత్రమున రక్తము: సార్కాయిడోసిస్ రోగిలో వీనిలో ఏది కనబడినను విటమిను డి, కాల్షియము మాత్రలను వెంటనే నిలిపి, ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, స్టీరాయిడు ఇచ్చి కాల్షియమును తగ్గింపగలరు. సకాలమున చికిత్స జరిగినచో మూత్రపిండములు పెక్కుమందిలో కోలుకొనును.

ముగింపు

మలంచాలోని మన కార్మికుని ఇంటికి మరల పోవుదము. ఆయన చొక్కా జేబులో చిన్న కాగిత మొకటి యుండి, దానిపై "నాకు సార్కాయిడోసిస్ కలదు; రక్తములోని కాల్షియము చూడక విటమిను డి ఇయ్యవద్దు" అని ఇంగ్లీషునను బెంగాలీనను వ్రాసియుండినచో, దుకాణదారు ఆ మాత్రలు ఇచ్చుటకు ముందు ఒకసారి ఆలోచించి యుండును. ఈ రోగము గల ప్రతివారును అట్టి కాగితమును తమ వైద్యునిచే వ్రాయించుకొని, క్రొత్త వైద్యుని చూడబోయినప్పుడును, మందులు కొనునప్పుడును చూపవలెను. ఇంటివారు దాని అర్థమును తెలుగున తెలిసికొని యుండవలెను.

"విటమిను డి తక్కువ" అని ఎవరైన చెప్పినప్పుడు రోగి అడుగవలసిన రెండవ ప్రశ్న ఇదియే: "నా కాల్షియ మెంత? క్రియారూప మెంత?" ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే మాత్రను చేత పట్టవలెను.